12 వేల బడ్జెట్, పికప్ సౌండు: ముందు స్పీకర్లా, డెక్కా, డోరు పనా?

మిర్చిఘాటు (గుంటూరు)

అందరికీ నమస్తే. సంక్రాంతికి సెకండ్ హ్యాండ్‌లో డబుల్ క్యాబ్ పికప్ తీసుకున్నా. ఏ కంపెనీ అని అడగొద్దు. పేరు చెబితే మైలేజీ గొడవ మొదలయ్యిద్ది, సౌండు సంగతి పక్కకి పోయిద్ది.

నాలుగు డోర్లకి నాలుగు స్పీకర్లు, బ్లూటూత్ ఉన్న కంపెనీ డెక్. వారంలో నాలుగైదు రోజులు యార్డు, కోల్డ్ స్టోరేజీ, మధ్యలో బెజవాడ. కాజ టోల్ దాటి 80 మీద పడిందంటే ఇంజను మోత, టైర్ల మోత పోను పాటలో మిగిలేవి చిడతలు ఒక్కటే. డోలు ఉండదు, తబలా ఉండదు. సౌండు పెంచితే పాడేవాళ్ల గొంతు చిరుగుతది. ఒక వింత ఏందంటే, బ్యాలెన్స్ మొత్తం కుడికి తిప్పితే బాసు కాస్త నయమనిపిస్తది. నా చెవుల భ్రమేమో.

బడ్జెట్ 12 వేలు. ఇంట్లో చెప్పింది 8. బెజవాడలో ఒక షాపులో ఆండ్రాయిడ్ డెక్, నాలుగు స్పీకర్లు, యాంపు (స్పీకర్లకి బలం పెంచే యాంప్లిఫయర్), సీటు కింద ఊఫర్ (బాసు స్పీకరు) అన్నీ కలిపి 38 వేలు అన్నాడు. ఇక్కడ గుంటూరులో ఇంకొకాయన "స్పీకర్లు మార్చండి సార్, అదే సెట్ అవుద్ది" అన్నాడు. ఏది ముందు చెయ్యాలి?

బందరురోడ్ (విజయవాడ)

బ్రో, స్పీకర్లు మార్చడం దండగ. కంపెనీ డెక్‌లో దమ్ము లేకపోతే బంగారం స్పీకర్లు బిగించినా అంతే. నా బండికి మొదట అదే తప్పు చేశా. మంచివని 5 వేలు పెట్టి ముందు డోర్లకి ఆరున్నర ఇంచులవి వేయించా. పాతవాటి కంటే సౌండు తగ్గింది! తర్వాత యాంపు పెడితేనే అవి నోరు తెరిచాయి. డబ్బులు ముందు యాంపు మీద పెట్టు, స్పీకర్లు నిదానంగా మార్చుకోవచ్చు.

పాత లారీ (ఇబ్రహీంపట్నం)

అబ్బాయిలూ, ముప్పై ఏళ్లు లారీ తోలా. టేపు ఉన్నది డ్రైవరుకి నిద్ర పట్టకుండా. దానికి 12 వేలు ఎందుకు? అద్దాలు ఎత్తుకుని ఏసీ వేసుకుంటే సగం మోత ఆగుద్ది. ముందు టైర్లు చూసుకో. అరిగి గళ్లు పడ్డ టైరు మోత ఏ ఊఫర్‌కీ లొంగదు.

డెసిబెల్ మేడం (గుంటూరు)

పాత లారీ గారి టైర్ల మాట కొట్టిపారెయ్యకండి, అది నిజం. బందరురోడ్ గారి అనుభవం కూడా నిజమే, కానీ కారణం వేరే ఉంది.

బండి నడుస్తున్నప్పుడు కరెంటు 14 వోల్టుల చిల్లర ఉంటుంది. మామూలు డెక్‌లో ఉండే చిప్పు ఆ వోల్టేజీని దాటి ఇవ్వలేదు. 4 ఓమ్‌ల స్పీకరుకి లెక్క కడితే 25 వాట్ల దగ్గర గోడ తగులుతుంది. శబ్దం చిరగకుండా అంటే 15 నుంచి 20. డెక్ మీద "50 వాట్లు ఇంటూ 4" అని రాసేది రెప్పపాటు వచ్చే గరిష్ఠం, నిలకడగా వచ్చేది కాదు.

అందుకని స్పీకరు డబ్బా మీద 300 వాట్లు, 400 వాట్లు అని ఉన్న పెద్ద అక్షరాలు మీకు అక్కర్లేదు. అవి స్పీకరు ఎంత తట్టుకోగలదో చెప్పే అంకెలు, చాలాసార్లు అదీ గొప్పకే. పక్కన చిన్నగా సెన్సిటివిటీ అని డెసిబెల్స్‌లో ఉంటుంది, అది చూడండి. 90 ఉన్న స్పీకరు 20 వాట్లతో చేసే శబ్దం, 87 ఉన్నదానికి 40 వాట్లు ఇస్తేగానీ రాదు. యాంపు కోసమని చేసిన బరువైన స్పీకర్లకి ఈ అంకె తక్కువగా ఉండడం మామూలే. బందరురోడ్ గారు అలాంటివే తెచ్చి డెక్‌కి తగిలించి ఉంటారు. స్పీకర్లు మార్చడం తప్పు కాదండీ, మార్చిన స్పీకర్లు తప్పు.

బందరురోడ్

మేడమ్, ఒప్పుకున్నా, నావి 87వే. ఇప్పుడే డబ్బా వెతికి చూశా. అయినా నా మాట మీదే ఉంటా. 20 వాట్లతో హైవే మీద బాసు రాదు. కంపెనీ డెక్ కదపకుండా, స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ యాంపులు ఉన్నాయి. నాలుగు ఛానెళ్లది 7 వేలకి తెచ్చా నేను. బడ్జెట్‌లోనే కదా?

ఆటోనగర్ వైర్‌మాన్ (విజయవాడ)

యాంపు 7 వేలు తమ్ముడూ, మరి వైరో? ఒక్కో ఛానెల్‌కి 50 వాట్లు అంటే మొత్తం 200. బ్యాటరీ నుంచి 18, 20 ఆంపియర్లు లాగుద్ది. బ్యాటరీ దగ్గర అడుగున్నర లోపు ఫ్యూజు ఉండాలి. ఎర్త్ తీగ బిగించేచోట పెయింటు గీకి తెల్లటి ఇనుము కనపడాలి. ఇవి లేకుండా బిగించిన బండ్లు నా దగ్గరికి వారానికి ఒకటి వస్తయ్, యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లో కుయ్యిమని కూతతో.

ఇంకోటి. కిట్టులో వచ్చే లావు వైరు చూసి మురిసిపోవద్దు. బ్లేడుతో పోగు మీద గీకు. లోపలా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం, పైన రాగి పూత. లావు ఒకటే, మోసే కరెంటు ఒకటి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరంతా డబ్బా గురించి మాట్లాడటం లేదు. ఇంట్లో స్పీకరుకి చెక్క డబ్బా ఉంటది, బండిలో ఏముంది? డోరే డబ్బా. ట్రిమ్ము, అదే డోరు లోపలి ప్లాస్టిక్ కవరు, పీకి చూడండి: పల్చటి రేకు, దానికి చెయ్యి పట్టేంత చిల్లులు, వాటి మీద పాలిథిన్ కాగితం. స్పీకరు ముందుకి తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి ఆ సందుల్లో కలిసి ఒకదాన్నొకటి మింగేస్తయ్. బాసు అక్కడే చస్తది. మీరు 20 వాట్లు ఇవ్వండి, 200 ఇవ్వండి, రేకు డబ్బా రేకు డబ్బానే.

నేనైతే ముందు రెండు డోర్లే చేస్తా. బయటి రేకుకి లోపలివైపు, మధ్య భాగంలో డ్యాంపింగ్ షీటు. మొత్తం కప్పక్కర్లా, పావు వంతు పడినా రేకు టంగుమనడం మానుద్ది. లోపలి చిల్లులు మూసెయ్యాలి. స్పీకరు చుట్టూ ఫోమ్ రింగు పెట్టాలి, గాలి ట్రిమ్ము వెనక్కి పోకుండా. రేకు థిన్నర్‌తో తుడిచి, షీటు అంటించి, చిన్న రోలరుతో రుద్దాలి, పైన అల్యూమినియం మీద గళ్లు చదునైపోయేదాకా. ఆ గళ్లు అట్లాగే కనపడుతున్నాయంటే కుర్రాడు రుద్దలేదని.

షీటు బ్యూటైల్ రబ్బరుదే తీసుకో. తారు షీటు చవక. మే నెలలో మన ఎండకి కరిగి కిందకి జారుద్ది, బండంతా రోడ్డేసిన వాసన. డోరు అడుగున వాన నీళ్లు పోయే చిల్లులుంటయ్, వాటిని మాత్రం ముయ్యమాకు. స్పీకరు బిగించడానికి ఎమ్‌డీఎఫ్ చెక్క రింగులు కూడా వద్దు, ఒక్క వానాకాలానికి బూరెల్లా ఉబ్బుతయ్. ప్లాస్టిక్‌వి దొరుకుతయ్.

షాపు ఎక్కడని అడగొద్దు, అడ్మిన్ తంతాడు.

బందరురోడ్

అన్నా, నీకు షీట్లు అమ్ముడుపోవాలి కాబట్టి షీట్లు అంటావ్ 😄 నా బండికి షీట్ల వల్ల వచ్చిన తేడా డోరు వేసినప్పుడు "ధబ్" అని గట్టి శబ్దం. అంతే. పాటలో తేడా యాంపు వచ్చాకే.

ఆటోనగర్ వైర్‌మాన్

యాంపు అమ్మితే నాకు ఎక్కువ మిగిలిద్ది తమ్ముడూ. నీ బండికి లోపలి చిల్లులు మూశారా, బయటి రేకుకి మాత్రమే అంటించి చేతులు దులుపుకున్నారా? ఫొటో పెట్టు.

బందరురోడ్

...మూయలేదు. పాలిథిన్ కాగితమే ఉంది.

డెసిబెల్ మేడం

మిర్చిఘాటు గారూ, ఒక్క నిమిషం. మీ మొదటి పోస్టు మళ్లీ చదివా. బ్యాలెన్స్ కుడికి తిప్పితే బాసు పెరుగుతోందన్నారు. రెండు స్పీకర్లు కలిసి ఒక్కదానికంటే తక్కువ బాసు ఇవ్వకూడదు. ఇస్తున్నాయంటే ఒకటి ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఏదో ఒక డోరులో ప్లస్సు, మైనస్సు తారుమారై ఉంటాయి.

పైసా ఖర్చు లేని పరీక్ష చెబుతా. డెక్ బయటికి తీసి వెనక కప్లర్ (వైర్లు తగిలించే ప్లాస్టిక్ సాకెట్) పీకెయ్యండి. వైర్లవైపున్న కప్లర్‌లో ఒక స్పీకరుకి వెళ్లే రెండు పిన్నులకి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ క్షణం తాకించండి, పట్టుకుని ఉంచొద్దు. సెల్ ప్లస్సు, స్పీకరు ప్లస్సు కలిస్తే కోను, అంటే స్పీకరులో కదిలే గిన్నెలాంటి భాగం, బయటికి పొంగుతుంది. నాలుగూ ఒకే వైపు కదలాలి. డెక్ తగిలించి ఉండగా మాత్రం ఈ పని చెయ్యకండి.

పాత లారీ

ఇది బాగుందమ్మా. మా రోజుల్లో హారను కూడా సెల్లుతోనే చూసేవాళ్లం.

మిర్చిఘాటు (ఆదివారం రాత్రి)

మేడమ్, దండం.

పొద్దున మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని చేశాం. నేను సెల్లు తాకిస్తుంటే వాడు ట్రిమ్ము తీసిన డోరు దగ్గర కోను మీద వేలు ఆనించి "బయటికి... బయటికి..." అని చెబుతున్నాడు. ఎడమ ముందు డోరు దగ్గరికొచ్చేసరికి "బావా, ఇది లోపలికి" అన్నాడు. చూస్తే కంపెనీ కప్లర్ కోసేసి, రెండు తీగలు ఉత్త మెలి వేసి, నల్ల టేపు చుట్టి ఉంది. టేపు జిగురంతా కారి దుమ్ము పట్టి నల్ల జీడిలా అయింది. స్పీకరు కూడా మిగతా మూడింటిలాంటిది కాదు. నాకు ముందు బండి వాడినాయన ఎక్కడో మార్పించినట్టున్నాడు.

తీగలు అటూ ఇటూ మార్చి పాట పెట్టాం. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. డోలు వచ్చింది! పాడేవాళ్లు డ్యాష్‌బోర్డు మధ్యలోకి వచ్చి నిలబడ్డారు, ఇన్నాళ్లూ ఎక్కడో వెనకసీట్లో పాడుతున్నట్టుండేది. ఖర్చు ఒక పెన్సిల్ సెల్లు, అదీ గోడ గడియారంలోది. గడియారం మధ్యాహ్నం దాకా ఆగిపోయిందని ఇంట్లో అక్షింతలు.

బందరురోడ్

సూపర్ బ్రో. కానీ నిలబడ్డ బండిలో విని సంబరపడకు. హైవే మీద చెప్పు.

మిర్చిఘాటు (రెండు వారాల తర్వాత)

చెబుతున్నా. హైవే మీద బందరురోడ్ మాటే సగం నిలబడింది. 60 దాకా బాగుంది, 80 దాటితే మళ్లీ పల్చన. అందుకని ముందు రెండు డోర్లకి వైర్‌మాన్ అన్న చెప్పినట్టే చేయించా. గళ్లు చదునయ్యాయో లేదో నేనే దగ్గర కూర్చుని చూశా, కుర్రాడికి నా మీద కోపమొచ్చింది. షీట్లు, ఫోమ్ రింగులు, కూలీ కలిపి 3,400. ముందుకి ఆరున్నర ఇంచుల కొత్త స్పీకర్లు, సెన్సిటివిటీ 91 ఉన్నవి, జత 3,200. కోసిన చోట కప్లర్ వేయించి, సోల్డర్ చేయించా. మొత్తం 6,600. ఇంట్లో చెప్పిన 8 లోపే.

80 మీద ఇప్పుడు డోలు వినపడతంది. గుండెల్లో గుద్దేంత కాదు, అంత నాకొద్దు కూడా. ఇదివరకు సౌండు 30 అంకె మీద పెట్టుకునేవాణ్ని, ఇప్పుడు 22 సరిపోతంది. వెనక డోర్లు ముట్టుకోలా.

బందరురోడ్

5,400 మిగిలాయిగా. ఇంకో 2 వేలు కలిపితే యాంపు. అప్పుడు తెలుస్తది నీకు.

ఆటోనగర్ వైర్‌మాన్

2 వేలు కాదు, రాగి వైరు, ఫ్యూజు, కూలీతో 4 వేలు. నువ్వేం పెట్టించుకున్నావో బ్లేడు పెట్టి గీకి చూశావా?

బందరురోడ్

గీకా. తెల్లగా ఉంది. దాని గురించి ఇంక మాట్లాడొద్దు 😑

డెసిబెల్ మేడం

వెనక పాత స్పీకర్లు చిరిగినట్టు వినిపిస్తుంటే ఒక్కోదానికి వరసలో 470 మైక్రోఫారడ్‌ల నాన్ పోలార్ కెపాసిటర్ ఒకటి వేయించండి. 4 ఓమ్‌లకి 85 హెర్ట్జ్ కింది బాసు వాటికి చేరడం తగ్గిపోతుంది, మీద పడే భారం తగ్గి శుభ్రంగా పలుకుతాయి. యాంపు అవసరమో కాదో అది విన్నాక మీరే తేల్చుకోండి. అన్నట్టు 22 దగ్గరే ఉంచండి. 85 డెసిబెల్స్ రోజుకి 8 గంటలకి మించి వద్దంటారు, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గంటలు సగమవుతాయి. మీరు బండిలో గడిపే టైము తక్కువేం కాదు.

పాత లారీ

మిగిలిన డబ్బుతో టైర్లు ఎలైన్‌మెంట్ చేయించు.

మిర్చిఘాటు

చేయిస్తా బాబాయ్. వైర్‌మాన్ అన్నా, ఒక్క డౌటు. బాసు వచ్చినప్పుడల్లా ఎడమ డోరులో ఏదో గలగలమంటంది. ఇదివరకు లేదు. అరచేత్తో ట్రిమ్ము నొక్కితే ఆగదు, లాక్ వేస్తే ఆగుతంది.

ఆటోనగర్ వైర్‌మాన్

లాక్ రాడ్డు. ట్రిమ్ము బిగించేటప్పుడు దాని క్లిప్పు మర్చిపోయారు. ఇదివరకు బాసు లేదు కాబట్టి కదల్లా. క్లిప్పు దొరక్కపోతే రాడ్డుకి ఫోమ్ టేపు చుట్టించు, ఐదు నిమిషాల పని. డబ్బులు అడిగితే ఇవ్వమాకు.