మూల మీది పాత రాతి మార్కెట్: రాళ్ల సందుల్లో సిమెంటు ఉంచాలా, తీసేయాలా?

అడిగినవారు: మూలకొట్టు
హైదరాబాద్ మోజంజాహి మార్కెట్ (1935) తరహాలో రెండు రోడ్లు కలిసే మూలన గ్రానైట్‌తో కట్టిన పాత దుకాణాల వరస ఇది. పదేళ్ల కిందట రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడ్చారు. ఇప్పుడు లోపలి గోడలు చెమ్మెక్కి పూత పొడిగా రాలుతోంది. మూలనున్న బురుజు, పక్క వరస కలిసేచోట నిలువు పగులు కూడా ఉంది. పైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొడితే సరిపోతుందా? అసలు బురుజు మధ్యలో కాకుండా మూలకే ఎందుకు కట్టేవారు?

జవాబు: గానుగసున్నం
కోటింగ్ వద్దండి, ఉన్న చెమ్మ లోపలే బందీ అవుతుంది. గ్రానైట్ నీళ్లు తాగదు. గోడలోకి వెళ్లినా, బయటికి ఆరినా తేమకు దారి ఆ సందులే. ఎండకు రాయి సాగి, రాత్రికి ముడుచుకుంటుంది. సున్నం ఆ కదలికను ఓర్చుకుంటుంది, సిమెంటు ఓర్చుకోలేక రాతి అంచు దగ్గర వెంట్రుకవాసి విడిపోతుంది. వాన నీరు ఆ చీలికలోంచి లోపలికి పోతుంది, తిరిగి ఆరడానికి మాత్రం సిమెంటు అడ్డం. అందుకే లోపలి పూత మీద తెల్లటి ఉప్పు పొడి పేరుకుని పెచ్చులూడుతోంది.

సిమెంటు తీయించండి. సందు వెడల్పుకు రెండింతల లోతు, తక్కువలో తక్కువ 25 మి.మీ. బ్రష్షుతో దుమ్ము దులిపి, నీళ్లతో కడిగి, రాయి మీది తడి మెరుపు పోయాక నింపాలి. కొలతకు నానబెట్టిన సున్నం 1, సన్న ఇటుక పొడి 1, కడిగిన ఇసుక 2. సున్నం కనీసం మూడు నాలుగు వారాలు నానాలి. నానని గుళ్లు తర్వాత ఉబ్బి పూత మీద బుడిపెలు లేపుతాయి. లోతైన సందును ఒకేసారి నింపొద్దు, 10 మి.మీ. చొప్పున పొరలుగా తాపీ అంచుతో గట్టిగా అదమండి. నింపిన సున్నం ముఖం రాతి అంచుకు ఒక పిసరు లోపలే ఆగాలి. అంచు మీదికి పూసినది ముందు రాలేది. వారం రోజులు తడి గోనె పట్టాలు కప్పి ఉంచాలి. వడగాడ్పుల్లో, జోరు వానల్లో ఈ పని పెట్టుకోకండి.

జవాబు: తోరణం
బురుజు సంగతి. రెండు రోడ్ల వెంట రెండు చేతుల్లా కొట్ల వరసలు చాస్తే ప్రతి కొట్టుకూ రోడ్డు ముఖం దొరుకుతుంది. కానీ చేతులు కలిసే మూలలో గది చదరంగా రాదు, కొట్టుగా అద్దెకిస్తే సగం స్థలం వృథా. ఆ వంకర చోటునే ద్వారంగా, గడియారపు బురుజుగా మలిచారు. మోజంజాహిలో కూడలికి వచ్చే రోడ్ల నుంచి చూస్తే ముందు అదే కనబడుతుంది.

చిక్కు కూడా అక్కడే. బురుజు బరువెక్కువ, పక్క వరస తేలిక, కాబట్టి బురుజే ఎక్కువ కుంగుతుంది. వరసలోని కమానులు కూడా పక్కకు నెట్టేది మూలనే. మీ పగులు పాతదా, ఇంకా కదులుతోందా తేల్చుకోండి. పగులుకు అడ్డంగా సన్న గాజు పలకను రెండు చివరలా వానకు ఊడకుండా గట్టిగా అతికించి తేదీ రాసి పెట్టండి. వానాకాలం, ఎండాకాలం దాటినా గాజు పగలకపోతే సున్నం పట్టిస్తే చాలు. పగిలితే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. కప్పు నీటి గొట్టం ఆ మూల పునాది పక్కనే దిగుతుందేమో ముందు చూడండి, చాలాసార్లు అసలు కారణం అదే.

అడిగినవారు: మూలకొట్టు
గ్రైండర్‌తో సిమెంటు తీస్తే రెండు రోజుల పని అంటున్నారు మేస్త్రీ. రాతి మీది పాత రంగుకు యాసిడ్ అంటున్నారు.

జవాబు: గానుగసున్నం
రెండూ వద్దు. గ్రైండర్ జారితే రాతి అంచు తెగుతుంది, అది మళ్లీ రాదు. సన్న ఉలి, చిన్న సుత్తితోనే చేయించండి. యాసిడ్ సున్నాన్ని తినేస్తుంది, రాతిలోని ఇనుము తుప్పు మరకలుగా పైకి తేలుతుంది. రంగు ఊడదీసే పూత మందు రాసి ఆవిరితో కడిగించండి, అదీ మొదట వెనకవైపు ఒక అడుగు చోట చేసి చూశాకే. బోర్డులు తిరిగి బిగించేటప్పుడు మేకులు సందుల్లోనే దిగాలి, అవీ స్టెయిన్‌లెస్ స్టీలువే. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే రాయే చీలుతుంది.