నొప్పి పోంగనే రూట్ కెనాల్ ఆపేస్తున్నరు, ఎట్ల చెప్పాలె?

ప్రశ్న: హన్మకొండల మాది పంటి క్లినిక్. రూట్ కెనాల్ అంటే పన్ను లోపలి పాడైన నరం తీసి, శుభ్రం చేసి మూసే వైద్యం, రెండు మూడు సార్లు రావాల్సి ఉంటది. పరకాల, నర్సంపేట దిక్కు నుంచి వచ్చేటోళ్లు మొదటి సిట్టింగ్ (మొదటిసారి వైద్యం) కాంగనే మళ్ల వస్తలేరు. ఆర్నెల్లకు చీముతోటి వస్తున్నరు.

జవాబు 1: ఎక్స్‌రే చూపెట్టి చెప్పుండ్రి: "నరం తీసినం, అందుకే నొప్పి లేదు. పన్ను ఇంక బాగుకాలే. పైన పెట్టింది తాత్కాలిక సిమెంట్. కొన్ని వారాలకు అరుగుతది, సందుల నుంచి ఉమ్మి దిగి మళ్ల చీము పడ్తది." ఇదంతా ఇంజక్షన్‌కు ముందే. నోరు తెరిచి పండుకున్నంక చెప్తే ఉత్తగ తల ఊపుతరు.

జవాబు 2: "అర్థమైందా?" అని అడిగితే అందరు ఆ అనేటోళ్లే. "ఇంట్ల ఏమని చెప్తరు?" అని అడిగి వాళ్లతోనే చెప్పించుండ్రి. తప్పు అక్కడ దొరుకుతది.

జవాబు 3: పైసల ముచ్చట మర్సిన్రు. క్యాప్‌తో (పన్ను మీద పెట్టే తొడుగుతో) కలిపి మొత్తం ఖర్చు, సిట్టింగ్‌కు ఎంతనో మొదటి రోజే కాయితం మీద తెలుగుల రాసియ్యుండ్రి. తర్వాతి తారీఖు గూడ.