స్లీప్ అప్నియా తేలింది, సీప్యాప్ ఇంకా చేతికి రాలేదు: ఈలోగా స్టీరింగ్ పట్టవచ్చా?

విశాఖలైను:
విశాఖ–చెన్నై లైన్లో తిరిగే లారీ డ్రైవరు, యాభై దాటినవాడు అనుకోండి. స్లీప్ స్టడీలో (నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్ష) స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తేలింది, ఏహెచ్ఐ 38 వచ్చింది. అంటే నిద్రలో గంటకు సగటున 38 సార్లు ఊపిరి ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. 30 దాటితే తీవ్రం కిందే లెక్క. సీప్యాప్, అంటే మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పెట్టి నిద్రలో గొంతు మూసుకుపోకుండా చూసే మిషను, రావడానికి మూడు వారాలు పడుతుంది. అన్నాళ్లు బండి దిగి కూర్చుంటే ఇల్లెలా గడుస్తుంది? రాత్రి ట్రిప్పులు మానేసి, పగలే నడుపుతూ, రెండు గంటలకోసారి ఆగి కాఫీ తాగుతూ లాగించవచ్చని నా వాదన. కాదంటే కారణం చెప్పండి.

ఊపిరిలెక్క:
పగలే నడపడం, ఆగి ఆగి పోవడం అనేవి నిద్ర చాలనివాడికి పనికొచ్చే మందులు. ఇక్కడ జబ్బు వేరు. పడుకోగానే గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, ఊపిరి తీయించడానికి మెదడు ఓ క్షణం లేస్తుంది. పొద్దున్న లేచాక ఇవేవీ గుర్తుండవు. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రంతా ముక్కలే. పగలు క్షేమం అనడం కూడా తప్పే. తెల్లవారుజామున 2 నుంచి 6 ఒక గండం అయితే, మధ్యాహ్నం 2 నుంచి 4 రెండోది.

80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప పడిందంటే దాదాపు 90 మీటర్లు డ్రైవరు లేని బండే. తాగినవాడు ఆలస్యంగానైనా బ్రేకు తొక్కుతాడు. కునుకులో ఉన్నవాడు అసలు తొక్కడు.

గేరుబాక్సు:
లైన్లో ఉన్నోళ్లందరూ ఇలాగే నడుపుతున్నారు కదన్నా. అద్దం దించుకోవడం, పాటలు పెట్టుకోవడం, ముఖం కడుక్కోవడం. రాత్రిళ్లు హైవే మీద పోలీసులే లారీలు ఆపి ముఖం కడిగిస్తున్నారు. పనికిరాకపోతే వాళ్లెందుకు చేయిస్తారు?

ఊపిరిలెక్క:
పోలీసులు ఆపడం మంచిదే. కానీ అక్కడ పనిచేసేది నీళ్లకంటే బండి ఆగడం, మనిషి దిగి నాలుగడుగులు వేయడం. చల్లగాలి, రేడియో ఏపాటి పనిచేస్తాయో ఇంగ్లండులో లఫ్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు సిమ్యులేటర్ మీద 1990లలోనే చూశారు. కాసేపు తెలివి వచ్చినట్టుంటుంది, మళ్లీ మొదటికే. కాస్త నిలిచింది కాఫీ, చిన్న కునుకు. ఆ రెండూ కలిపితే ఇంకా నయం.

దానికీ ఒక పద్ధతి ఉంది. బండిని రోడ్డు అంచున షోల్డరు మీద కాకుండా ట్రక్ బేలోనో పెట్రోలు బంకులోనో పెట్టాలి. 150 నుంచి 200 మిల్లీగ్రాముల కెఫీన్ వెళ్లేలా రెండు కప్పుల చిక్కటి కాఫీ తాగాలి (ధాబాలో ఇచ్చే చిన్న గ్లాసు టీలో అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు). తాగిన వెంటనే అలారం పెట్టుకుని 15–20 నిమిషాలు పడుకోవాలి. కాఫీ ఎక్కడానికి దాదాపు అరగంట పడుతుంది కాబట్టి లేచేసరికి అందుకుంటుంది. అరగంట దాటి పడుకుంటే లేచాక మత్తు ఎక్కువ. లేవగానే తాళం తిప్పకుండా పది నిమిషాలు తిరగాలి. అప్నియా ఉన్నవాడు క్యాబిన్లో వెల్లకిలా పడుకోకూడదు, పక్కకు తిరిగి పడుకోవాలి.

ఇంత చేస్తే దక్కేది గంటో, అటూఇటూ. దార్లో నిద్ర ముంచుకొస్తే క్షేమంగా చోటు చేరడానికి ఉన్న ఉపాయం ఇది. రోజూ దీనిమీద ఆధారపడాల్సి వస్తోందంటే ఆ మనిషి నడపకూడదనే అర్థం.

ఫారం1ఎ:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ చూడండి. తన డ్రైవింగు జనానికి ప్రమాదం తెచ్చే జబ్బు ఉందని తెలిసీ నడిపితే నేరం. 'తెలిసీ' అన్నదే కీలకం. స్లీప్ స్టడీ రిపోర్టు చేతిలో పడ్డ రోజు నుంచి తెలియదనే మాట నిలవడం కష్టం. 2019 సవరణ తర్వాత కూడా మొదటిసారి జరిమానా వెయ్యి రూపాయలే, అది వేరే సంగతి. మనిషి ప్రాణం పోతే మాత్రం కేసు భారతీయ న్యాయ సంహిత 106 కిందికి పోతుంది, ఐదేళ్ల దాకా శిక్ష.

లైసెన్సుకిచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా, స్పృహ తప్పుతారా అని అడుగుతారు. గురక గురించి, పగటి నిద్ర గురించి ఒక్క ముక్క ఉండదు. బ్రిటన్లో అలా కాదు. ఏహెచ్ఐ 15 దాటి పగటి మగత కూడా ఉంటే అక్కడ లైసెన్సులిచ్చే డీవీఎల్ఏకి చెప్పి, అదుపులోకి వచ్చేదాకా ఆపేయాలి. తర్వాత కారు నడిపేవాళ్లకు మూడేళ్లకోసారి, లారీ, బస్సు వాళ్లకు ఏటా సమీక్ష. మనకూ అదే రావాలి.

విశాఖలైను:
వస్తే ఏమవుతుందో నేను చెప్తాను. ఒక్కడు కూడా పరీక్షకు వెళ్లడు. పగటి మగతను కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నలు ఎనిమిది, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 24. పది దాటితే అనుమానం. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కునుకు పడుతుందా అని అడిగితే, లైసెన్సు పోతుందని తెలిసినవాడు పడుతుందంటాడా? అన్నిటికీ సున్నా పెట్టి వస్తాడు. ఇప్పుడు కనీసం గురక బాధకు ఈఎన్‌టీ దగ్గరికి పోతున్నారు, అదీ మానేస్తారు.

తూకంరాయి:
విశాఖలైను గారి ఈ మాటలో బలం ఉంది. కానీ దాని నుంచి 'నడపనివ్వండి' అని తేలదు, 'ఖర్చు ఎవరు పెట్టుకోవాలి' అని తేలుతుంది. అమెరికాలో ష్నైడర్ అనే పెద్ద లారీ కంపెనీ తన డ్రైవర్లకు తనే పరీక్షలు చేయించి, మిషన్లు ఇచ్చింది. ఆ లెక్కలు 2016లో అచ్చయ్యాయి. మిషను అసలు వాడనివాళ్లు తప్పించగలిగిన తీవ్ర ప్రమాదాలు చేసిన రేటు జబ్బు లేనివాళ్లకు ఐదు రెట్లు. సరిగ్గా వాడినవాళ్లు జబ్బు లేనివాళ్లతో సమానం. అంటే మనిషిని తీసేయక్కర్లేదు, మిషను వాడేలా చూడాలి. ఓనరు మూడు వారాలు యార్డు పనో, లోడింగు దగ్గర లెక్కలో చూపించి జీతం ఇవ్వగలిగితే ఈ చర్చే లేదు. సొంత బండి ఉన్నవాడికే అసలు చిక్కు. అక్కడ నా దగ్గర సులువైన జవాబు లేదు, రెండో డ్రైవర్ని పెట్టుకోవడం తప్ప.

గేరుబాక్సు:
ఏహెచ్ఐ 8 వచ్చి, పగలు నిద్రే రానివాడి సంగతి? వాడూ దిగాలా?

ఊపిరిలెక్క:
అక్కర్లేదు. అంకె ఒక్కటే చూడకూడదు, మగతే ముఖ్యం. అయితే 8 అన్నది ఇంటి దగ్గర చేసిన పరీక్షలో వచ్చిందా అని చూడండి. వేలికి క్లిప్పు, ముక్కు కింద గొట్టం, ఛాతీకి బెల్టు పెట్టి చేసే పరీక్షలో మనిషి మేలుకుని దొర్లిన గంటలు కూడా లెక్కలో కలుస్తాయి, అంకె తగ్గి కనిపిస్తుంది. సిగ్నల్ దగ్గర తూలుతూ, రిపోర్టు మాత్రం బాగుందంటే ల్యాబులో రాత్రంతా పడుకుని మళ్లీ చేయించుకోవాల్సిందే.

38 వచ్చినవాడు మాత్రం ఆపాలి. ఆ మూడు వారాలు ఖాళీగా ఎదురుచూడక్కర్లేదు. హైదరాబాదు లాంటి ఊళ్లలో ఆటో సీప్యాప్ (ఒత్తిడి తనే సర్దుకునే మిషను) నెల అద్దెకు దొరుకుతుంది, డాక్టరు చీటీ ఉంటే చాలు. మద్యం తాగడం పూర్తిగా బంద్. నిద్రమాత్రలు, జలుబుకని వేసుకునే అవిల్, సెట్రిజిన్ లాంటివి డాక్టర్ని అడగకుండా వద్దు. తాగుడు, నిద్రమాత్రలు గొంతును ఇంకా సడలిస్తే, ఆ జలుబు బిళ్లలు పగటి మగతను పెంచుతాయి.

ఫారం1ఎ:
మిషను వచ్చాక ఎప్పుడు ఎక్కవచ్చు? రోజుకు నాలుగు గంటలు వాడితే చాలంటారు కదా.

ఊపిరిలెక్క:
ఆ నాలుగు గంటలు అమెరికాలో ఇన్సూరెన్సు వాళ్లు డబ్బు కట్టడానికి పెట్టుకున్న గీత. అది దాటితే రోడ్డు మీద క్షేమమని అర్థం కాదు. కలల నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే వస్తుంది, చాలామందికి ఊపిరి ఎక్కువ ఆగేదీ అప్పుడే. మూడింటికి మాస్కు పీకేస్తే సరిగ్గా ఆ భాగం వదిలేసినట్టు. పడుకున్నంతసేపూ ఉండాలి. ఒక్క రాత్రి మానేసినా మర్నాడు మగత తిరిగి రావచ్చు.

మిషను తెరమీద ఏహెచ్ఐ 5 లోపు ఉండాలి. లీకు చూడాలి, రెస్‌మెడ్ మిషన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే మాస్కు సరిగ్గా కూర్చోలేదనే. గడ్డం ఉంటే ముక్కు రంధ్రాల దగ్గర ఆనే పిల్లో మాస్కు నయం, నోరు తెరిచి పడుకుంటే ముక్కూ నోరూ రెండూ కప్పేది. ఎప్‌వర్త్ మళ్లీ వేయించండి, ఈసారి ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టి. టీవీ ముందు ఇంకా తూలుతున్నాడో లేదో వాళ్లకే తెలుసు. ఇవన్నీ సరిపోయాక డాక్టరు సరేనంటే ఎక్కవచ్చు. చాలామందికి కొన్ని రోజుల్లోనే తేడా తెలుస్తుంది.

విశాఖలైను:
సరే, లైన్లో వారం రోజులు ఉండేవాడికి మిషను నడిచేదెలా? క్యాబిన్లో ప్లగ్గు ఎక్కడ?

తూకంరాయి:
లారీ బ్యాటరీ 24 వోల్టులు. మిషను కంపెనీదే డీసీ కన్వర్టరు తీసుకోండి, మీ మోడలుకు సరిపోతుందో, 24 వోల్టులు తట్టుకుంటుందో దానిమీదే రాసి ఉంటుంది. చవక ఇన్వర్టర్లు వద్దు. గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయరు, వేడి ట్యూబు ఆపేస్తే కరెంటు బాగా తగ్గుతుంది, పొద్దున్న సెల్ఫ్ ఎత్తుతుంది. బండి కదిలే ముందు తొట్టిలో నీళ్లు పారబోయండి, కుదుపులకు మోటార్లోకి పోతాయి.