గట్ (జంతువుల పేగు) తంతుల ల్యూట్‌కి గేరు బిరడాలా, చెక్క బిరడాలేనా?

కోర్సులు13:
పాత తంతి వాద్యానికి కొత్తగా చేసిన నకలు, 13 కోర్సుల (కోర్సు అంటే ఒకటిగా మీటే తంతి లేదా తంతుల జత) బరోక్ ల్యూట్. మొదటి రెండూ ఒంటి తంతులు, మిగతావి జతలు, అంటే 24 బిరడాలు. గాలి పొడిగా ఉంటే సగం జారిపోతాయి, చెమ్మగా ఉంటే బిగుసుకుంటాయి. పైకి చెక్కలాగే కనబడే గేరు బిరడాలు వేయిద్దామనుకుంటున్నా. సంప్రదాయం సంగతి అలా ఉంచితే, వాద్యానికేమైనా నష్టమా?

చెక్కపని:
గేర్ల మాట తర్వాత. ముందు ఉన్నవాటిని చూడండి. ఒక్కొక్క బిరడానే తీయండి. అన్నీ ఒకేసారి వదిలేస్తే తంతుల లాగుడు మొత్తం పోయి మళ్లీ శ్రుతి నిలబడటానికి రోజులు పడుతుంది. కాడ మీద రెండు మెరిసే పట్టీలు కనబడాలి, బిరడాల పెట్టె రెండు గోడల దగ్గరా ఒక్కో పట్టీ, చుట్టూతా. పిడి వైపే మెరుపుంటే రంధ్రం వాలూ కాడ వాలూ కలవలేదని అర్థం. ఎదురెదురుగా రెండు చోట్లే మెరిస్తే కాడ గుండ్రదనం పోయింది. చెక్క నిలువు దిశలో దాదాపు కుంచించుకోదు, అడ్డంగానే కుంచించుకుంటుంది. అందుకే రంధ్రం కోలగా మారుతుంది. పొడి గాలిలో జారేది అక్కడే.

దీనికి మందు షేపర్ (కాడను వాలుగా చెక్కేది), రీమర్ (రంధ్రాన్ని వాలుగా తొలిచేది). ఈ రోజుల్లో ఎక్కువగా వాడేది 1:30 వాలు, అంటే 30 మి.మీ. పొడవుకు 1 మి.మీ. మందం తగ్గుతుంది. పాత పద్ధతిలో చేసినవాటికి ఇంకా ఎక్కువ వాలు ఉండొచ్చు, కొలవకుండా రీమర్ పెట్టకండి. ఆ తర్వాత పొడి సబ్బు కాస్త, దాని మీద సుద్ద కాస్త. సబ్బు జారుడుకి, సుద్ద పట్టుకి. నూనె మాత్రం వద్దే వద్దు.

ఇంకో మాట. బిరడా తిప్పినప్పుడు 'టిక్'మని శ్రుతి ఒక్కసారిగా ఎగిరితే తప్పు బిరడాది కాదు, నట్ (మెడ చివర తంతులు ఆనే గాళ్ల పట్టీ) గాడిలో తంతి పట్టుకుంటోంది. గాడిలో మెత్తటి పెన్సిల్ రుద్దండి. సగం ఫిర్యాదులు అక్కడితో తీరతాయి.

గేరుపక్షం:
పైవన్నీ నిజమే, కానీ 24 బిరడాలకు ఏటా ఈ సేవ ఎవరు చేస్తారు? చాలా రకాల్లో గేరు నిష్పత్తి 4:1. కాడ 8 మి.మీ. ఉంటే చెక్క బిరడా ఒక చుట్టుకి 25 మి.మీ. తంతి లాగుతుంది, గేరుది 6 మి.మీ. పైచిలుకు. పైగా గేర్లంటేనే ఆధునికం అనుకోనక్కర్లేదు. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ గిటార్లకే గడియారం తాళంచెవితో తిప్పే మర ఉండేది.

జాగ్రత్తలు: గేరు బిరడాని రంధ్రంలో స్క్రూలా బిగించే రకమైతే జిగురు బయటి స్క్రూ చుట్ల మీదే, చుక్క లోపలికి పోతే గేరు పట్టేస్తుంది. చెక్క బిరడాలా లోపలికి నొక్కుతూ తిప్పే అలవాటు మానాలి. బరువు కూడా తూచండి: ఒక్కోటి 3 గ్రాములు ఎక్కువైనా మెడ చివర 72 గ్రాములు చేరినట్టే. లావు మంద్ర తంతులు బిరడా రంధ్రంలో దూరతాయో లేదో ఆర్డరుకి ముందే చూడండి.

చెక్కపని:
అసలు నష్టం రీమింగుది. రంధ్రం పెద్దదైతే పాత బిరడాలు తిరిగి పట్టవు, బుషింగ్ (రంధ్రం పూడ్చే చెక్క ముక్క) వేసి మళ్లీ తొలవాల్సిందే. నకలు కాబట్టి అది మీ ఇష్టం. అసలు పాత వాద్యమైతే ఒక్క పొరకూడా తీయకూడదు.

గట్‌కి గేరు అంత అవసరమూ కాదు. ఉక్కు తీగ చిటికెడు లాగినా శ్రుతి దాటిపోతుంది, గట్ బాగా సాగుతుంది కాబట్టి బిరడా కొద్దిగా అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. కాడ సన్నగా ఉంటే ఇంకా సులువు, 6 మి.మీ. అయితే చుట్టుకి 19 మి.మీ. మాత్రమే. అరిగిన బిరడా లోపలికి దిగేకొద్దీ తంతి లావు భాగం మీద పడుతుంది, అందుకే పాతబడ్డాక శ్రుతి చేయడం కష్టమవుతుంది.

కోర్సులు13:
మరి చెమ్మలో బిగుసుకున్నవాటిని ఎలా తీయాలి?

చెక్కపని:
పటకారు పెట్టకండి, పిడి విరుగుతుంది. ఆ తంతి వదులు చేయగలిగినంత చేసి, పిడి వైపు గోడకి కింద దిమ్మె ఆనించి, కాడ కొస కన్నా సన్నటి చెక్కపుల్ల కొస మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. దిమ్మెలో పిడి దిగేంత సందు ఉండాలి. తీశాక తంతి చుట్లు గోడకి నొక్కుకుపోయాయేమో చూడండి. బిగుసుకోవడానికి అదీ ఒక కారణం, ఎక్కువైతే గోడ పగులుతుంది. చుట్లు పిడి వైపు గోడను తాకీ తాకనట్టు ఆగాలి.