చివరి పది నిమిషాల కోసం గంటన్నర నరుకుడు భరించాలా? (ఒక ఆన్‌లైన్ సినిమా గ్రూపులో చర్చ)

అరండల్‌పేట నైట్‌షో: చిన్న బడ్జెట్ స్లాషర్‌ని, అంటే హంతకుడు ఒక్కొక్కరినీ నరికే సినిమాని, నిలబెట్టేది ఆఖరి ట్విస్టే. ‘స్లీపవే క్యాంప్’ (1983) చూడండి. నటన అంతంతమాత్రం, డైలాగులు చప్పిడి. కానీ ఆఖరి షాట్ పడ్డాక ఆ రాత్రి నిద్రపట్టదు.

సత్యనారాయణపురం: చివర్లో గడ్డపెరుగు వేస్తే మాడిన అన్నం మంచిదైపోతుందా? డీజిల్ వాసన పీలుస్తూ రాత్రి షూటింగులు చూసినవాణ్ణి, నాకు చెప్పకండి.

అరండల్‌పేట నైట్‌షో: పోలిక తప్పండీ. ట్విస్ట్ అంతకుముందు తిన్నదాని రుచినే మార్చేస్తుంది. అందులో మొదట్లోనే పడవ ప్రమాదం చూపించారు. ఎవరు బతికారో మనకు మనమే పొరబడ్డాం. ఆ పిల్ల మౌనం, ఆమెను పెంచినావిడ వింత మాటలు, అన్నీ రెండోసారి చూస్తే వేరే సినిమా. దానికి పైసా ఖర్చుందా? డబ్బులేనివాడికి మిగిలింది బుర్రొక్కటే.

గాంధీనగర్ బాబాయ్: ‘ఫ్రైడే ది థర్టీంత్’ మర్చిపోయారేం? 1980లో ఐదున్నర లక్షల డాలర్లతో తీశారు. హంతకుడు ఎవరా అనుకుంటే, చెరువులో మునిగిపోయిన పిల్లాడి తల్లి!

పటమట కుర్రాడు: ముందు స్పాయిలర్ అని చెప్పొద్దా బాబాయ్? ఈ రాత్రికే పెట్టుకున్నా.

గాంధీనగర్ బాబాయ్: నలభై ఏళ్లు దాటింది నాయనా.

సత్యనారాయణపురం: ఆవిడ ఆఖరి అంకం దాకా మొహమే చూపించదు. మనకు తెలియని మనిషి హంతకురాలైతే అది ట్విస్ట్ ఎలా అవుతుంది?

అరండల్‌పేట నైట్‌షో: చెరువులోంచి పిల్లాడు లేచిన సీన్‌కి ఎగిరిపడనివాడు ఎవడండీ?

సత్యనారాయణపురం: నేనడిగింది ఆవిడ గురించి. ముందు కనిపించిందా, లేదా?

అరండల్‌పేట నైట్‌షో: మీలాంటివాళ్లే ఇంటర్వెల్‌కి లేచిపోయి సినిమా చెత్త అని రాసేస్తారు. నా స్లాషర్‌ని నూజివీడు దగ్గర మామిడితోటలో పదకొండు రాత్రులు తీశాం. క్లైమాక్స్ ఒక్కటే ఆర్నెల్లు రాశాను. గుంటూరులో మొదటాటకి క్లైమాక్స్ దాకా కూర్చున్నది పద్నాలుగు మంది. అందులో ఐదుగురు మా ఇంట్లోవాళ్లే.

సత్యనారాయణపురం: మామిడితోటా? తొమ్మిదో రాత్రి జనరేటర్ ఆగిపోతే ఆపరేటర్‌ని తిట్టింది మీరేనా?

అరండల్‌పేట నైట్‌షో: మీరెవరు?

సత్యనారాయణపురం: ఆ జనరేటర్ ఓనర్ని. మీ ఇంట్లోవాళ్లు ఐదుగురు పోగా మిగిలిన తొమ్మిదిమందిలో నేనూ ఒకణ్ణి. మీ క్లైమాక్స్ బాగుంది, కాదనను. నా మంట అదే. చివరి రెండు రాత్రులకి కెమెరా ట్రాలీ వచ్చింది, అదనంగా లైట్లొచ్చాయి. అంతకుముందు ఏ షాట్ చెడినా ‘పర్లేదు, క్లైమాక్స్‌లో లాగేద్దాం’ అన్నారు. పాపం ఆ నటించిన పిల్లలకి బేటా (రోజు ఖర్చుల డబ్బు) లేదు, ఒక్కపూట టిఫిన్. అడిగితే ‘రిలీజయ్యాక చూద్దాం’. సినిమాలో ప్రేక్షకుడికి చెప్పిందీ, బయట మాకు చెప్పిందీ ఒకే మాట.

గాంధీనగర్ బాబాయ్: హంతకుడు మొదటి సీన్ నుంచీ ఇక్కడే ఉన్నాడన్నమాట.

అరండల్‌పేట నైట్‌షో: సినిమా గురించి మాట్లాడుతుంటే అద్దె సంగతెందుకండీ ఇక్కడ? నా నంబరు అదే, ఫోన్ చెయ్యండి.

సత్యనారాయణపురం: ఇప్పుడే రెండుసార్లు చేశాను. ఎత్తలేదు.