నిమజ్జనం లొల్లి అయి వారం కాలేదు, పిల్లల్ని ఇప్పుడే కలపాలా?

పరకాల వైపు టీచర్:
మా ఊళ్లో నిమజ్జనం రోజు ఎవరి డీజే ముందు పోవాలన్న దగ్గర రెండు వాడకట్టులు కొట్టుకున్నాయి. కేసులు నడుస్తున్నాయి. మా ఎనిమిదో తరగతి పిల్లవాడి అన్న ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. బడిలో మధ్యాహ్న భోజనానికి ఒక వాడ పిల్లలు వేపచెట్టు కింద, ఇంకో వాడవాళ్లు వరండాలో కూర్చుంటున్నారు. నిన్న ఒకమ్మాయి, తన బెంచీలోనే కూర్చునే పిల్ల సాంబారు గంటె అందిస్తే తీసుకోలేదు. ఆ పిల్ల దాన్ని కింద పెట్టేదాకా నిలబడింది. చూసి ప్రాణం ఉసూరుమంది. దసరా సెలవులకు ముందే అందరితో ఒకే బతుకమ్మ పేర్పించి, ఐకమత్య ప్రతిజ్ఞ చేయిద్దామని హెడ్‌మాస్టర్ గారు అంటున్నారు. ఇది సమయమేనా?

రిటైర్డ్ మాస్టారు, హనుమకొండ:
ప్రతిజ్ఞ వద్దమ్మా. మనిషి ఆసుపత్రిలో ఉండగా చేయిస్తే, దెబ్బలు తిన్నవాళ్లకు అది నోరు మూయించడంలా ఉంటుంది. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వవేత్త బృందం 22 మంది మగపిల్లల్ని రెండు జట్లు చేసి పోటీలు పెట్టింది. పగ ముదిరాక ఒకేచోట భోజనం పెడితే తిండి విసురుకున్నారు. క్యాంపుకు నీళ్లు ఆగినప్పుడు, ట్రక్కు మొరాయించినప్పుడు మాత్రం కలవక తప్పలేదు. అదీ ఒక్కరోజులో కాలేదు, అలాంటి పనులు వరుసగా పడ్డాకే మెత్తబడ్డారు.

కాకతీయ యూనివర్సిటీ సైకాలజీ విద్యార్థిని:
కలపడానికి ఆగాలి, నిజమే సార్. కానీ ఊరికే కూర్చోవద్దు. పాలస్తీనా 2011లో ఐక్యరాజ్యసమితి సభ్యత్వం అడగబోయే ముందు, ఎరాన్ హాల్పెరిన్ అనే ఇజ్రాయెల్ మనస్తత్వవేత్త బృందం కొందరు ఇజ్రాయెలీలకు కోపం తెప్పించే విషయాన్ని బయటివాళ్లలా నింపాదిగా చూడడం నేర్పింది. వారానికీ, ఐదు నెలలకీ అడిగినా, నేర్చుకోనివాళ్లకంటే వాళ్లే రాజీ వైపు ఎక్కువ మొగ్గారు. చూడండి మేడం, నేర్పింది గొడవ ముదరకముందే. మీ ఊరికి తర్వాతి టెన్షన్ సద్దుల బతుకమ్మ నాడు, చెరువు దగ్గర. ఆలోపే, అలా నింపాదిగా చూడడం గురించి ఏ వాడ పిల్లలతో ఆ వాడలోనే మాట్లాడండి. ఆ ఎనిమిదో తరగతి అబ్బాయిని మాత్రం ఏమైందో చెప్పమని కూర్చోబెట్టకండి. దెబ్బ తగిలిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించడం మేలు చేయదని పరిశోధనలు తేల్చాయి. తానుగా చెప్తే వినండి, చాలు.

పరకాల వైపు టీచర్:
ప్రతిజ్ఞ ఆపమని రేపే అడుగుతాను. మరి బడిలో బతుకమ్మకు తంగేడు పూలు ఎవరికి వాళ్లే తెచ్చి, రెండు బతుకమ్మలు పేరుస్తామంటే?

రిటైర్డ్ మాస్టారు, హనుమకొండ:
ఈ ఏడు పేర్చుకోనివ్వండి. సెలవుల తర్వాత, రెండు వాడల పిల్లలూ కలిస్తేనే అయ్యే పని బడికి ఏది అవసరమో ఇప్పుడే చూసిపెట్టుకోండి.