మినార్ పైన స్నైపర్ ఉంటే ఆ మసీదుకి ఇంకా గౌరవం ఇవ్వాలా?

ఎర్రమట్టి: యుద్ధ నియమాల జెనీవా ఒప్పందాలకి 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్, 53వ అధికరణం. ప్రజల ఆధ్యాత్మిక వారసత్వమైన ప్రార్థనా స్థలాల మీద దాడి చేయకూడదు, వాటిని యుద్ధానికి వాడుకోకూడదు అని రెండు మాటలూ అందులోనే ఉన్నాయి. ఎదుటివాడు రెండోది తుంగలో తొక్కి మినార్ ఎక్కితే, మొదటిది మనల్ని ఎందుకు కట్టేయాలి? నా లెక్కలో కట్టేయదు.

నిక్కచ్చి: రక్షణ సడలుతుంది, మాయమైపోదు. యుద్ధంలో సాంస్కృతిక సంపదని కాపాడే హేగ్ ఒప్పందం (1954)కి 1999లో చేర్చిన రెండో ప్రోటోకాల్ 6వ అధికరణం చూడండి. ఆ కట్టడం వాడకం వల్ల సైనిక లక్ష్యంగా మారి ఉండాలి. అదే ప్రయోజనం దక్కే వేరే దారి ఉండకూడదు. నిర్ణయం బెటాలియన్ (వందల మంది జవాన్ల దళం) లేదా అంతకు పైస్థాయి దళాన్ని నడిపే అధికారిది. పరిస్థితి అస్సలు కుదరకపోతేనే కిందివాళ్లది. వీలైతే ముందే హెచ్చరించాలి. ఇవన్నీ దాటాకే గుండు పేలాలి.

వేపచెట్టు: చిన్న సవరణ. ఆ ప్రోటోకాల్ గొప్ప సాంస్కృతిక విలువ ఉన్నవాటికి. ప్రతి ఊరి గుడీ, చర్చీ దాని కిందికి రావు. వాటికి 1977 ప్రోటోకాల్‌లోని 52(3) ఉంది: సైనిక అవసరానికి వాడుతున్నారా లేదా అని సందేహం ఉంటే, వాడట్లేదనే అనుకోవాలి.

ఎర్రమట్టి: నేను సందేహం గురించి అడగలేదు. స్నైపర్ కనబడుతున్నాడు. వేరే దారి అంటే ఏంటో చెప్పండి.

నిక్కచ్చి: మినార్‌కి మామూలుగా ఒకటే ఇరుకు మెట్లదారి, కింద ఒకటే తలుపు. పొగతో చూపు కప్పేసి వీధి దాటొచ్చు. దారి మార్చొచ్చు. ఆ కిటికీ ఒక్కదాని మీదే గురిచూసే రైఫిల్‌ని పెట్టి వాడు తల ఎత్తకుండా చేయొచ్చు. తలుపుని కాపు కాస్తే నీళ్లూ మందుగుండూ అయిపోయాక దిగాల్సిందే. ట్యాంకు గుండు వేశారనుకోండి, పైభాగమంతా ప్రాంగణంలో తలదాచుకున్నవాళ్ల మీద పడుతుంది.

ఎర్రమట్టి: పొగా! చేత్తో విసిరే పొగ గ్రెనేడ్ నిమిషం, నిమిషంన్నర మండుతుంది. గాలి అడ్డంగా వీస్తే అదీ లేదు. అంతలో ఎనిమిది, పదిమంది వీధి దాటాలి.

పదాతి: ఒక్కటే విసిరితే అంతే. గాలి వచ్చే వైపు నుంచి, ఆగకుండా ఒకటి తర్వాత ఒకటి వేయాలి. మోర్టార్ పొగగుండ్లు ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి.

ఎర్రమట్టి: మోర్టార్ పిలిస్తే వచ్చేసరికి ఎంతసేపు? పొగతో పని జరగదు.

మూడోకన్ను: పొగ సంగతి వదిలేయండి, అసలు ప్రశ్న అది కాదు.

నిక్కచ్చి: కూల్చడం వల్ల పని జరుగుతుందన్న నమ్మకం ఎక్కడిది? రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని మోంటే కాసినో చూడండి. 1944 ఫిబ్రవరి 15న మిత్రపక్షాల బాంబర్లు కొండ మీది మఠాన్ని నేలమట్టం చేశాయి. మఠం లోపల జర్మన్ దళాలు లేవు, తలదాచుకున్న పౌరులు చచ్చిపోయారు. ఆ తర్వాత జర్మన్ పారాట్రూపర్లు శిథిలాల్లోకి దిగారు. విరిగిన గోడలు, బయటపడ్డ నేలమాళిగలు వాళ్లకి ఇంకా మంచి కాపు అయ్యాయి. కొండ చేజిక్కింది మే 18న. మన నాలుగో భారత డివిజన్ జవాన్లు ఆ వాలు మీదే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇంకోటి. ఇరాక్‌లోని సమర్రాలో మల్వియా మినార్‌ని అమెరికన్ స్నైపర్లు వాడుకున్నారు. 2005 ఏప్రిల్‌లో పేలుడుకి దాని కొన దెబ్బతింది. "వాడు ఎక్కాడు కాబట్టి" అనే వాదన రెండు వైపులా పనిచేస్తుంది.

పదాతి: 2002లో బెత్లెహేం నేటివిటీ చర్చిలో సాయుధులు చేరితే ఇజ్రాయెల్ సైన్యం లోపలికి చొరబడలేదు. 39 రోజుల ముట్టడి, చివరికి చర్చలతో తేలింది.

ఎర్రమట్టి: 39 రోజులు ఆగే తీరిక ఎవడికుంటుంది? నిక్కచ్చి గారూ, మీకు రాళ్ల మీదున్న జాలి వీధిలో పాకుతున్న కుర్రాడి మీద లేదు. పోయినసారి చర్చలోనూ ఇదే తీరు, అధికరణం నంబర్లు మొహాన కొట్టడం.

నిక్కచ్చి: మీరు అడిగింది చట్టం, నేను చెప్పింది చట్టం. మీకు అడ్డుపడుతున్నది పొగ కాదు, తీరిక కాదు. ఎదుటివాడి దేవుడికి మనం ఏమీ బాకీ లేమన్నదే మీ మాట. అది సూటిగా అనండి.

ఎర్రమట్టి: అంటాను. నా మనుషులు నమ్మని దాని కోసం వాళ్ల ప్రాణం పణం పెట్టమనే హక్కు ఏ అధికారికీ లేదు. గౌరవం మనసులోంచి రావాలి, ఆర్డర్ మీద రాదు.

పదాతి: ఆర్డర్ మీదే వస్తుంది. 2003 ఏప్రిల్‌లో ఇరాక్‌లోని నజఫ్‌లో అమెరికన్ సైనికులు ఇమామ్ అలీ మందిరంలోకి వస్తున్నారనుకుని జనం ఎగబడ్డారు. వాళ్ల లెఫ్టినెంట్ కల్నల్ క్రిస్ హ్యూస్ జవాన్లని మోకాలి మీద కూర్చోమన్నాడు, తుపాకులు నేలకి దించమన్నాడు, నవ్వమన్నాడు, తర్వాత దళాన్ని వెనక్కి నడిపించాడు. ఒక్క గుండు పేలలేదు. ఆ జవాన్ల మనసులో ఏముందో ఎవరూ అడగలేదు.

వేపచెట్టు: ఆర్డర్ ఒక్కటే చాలదు కూడా. అమెరికా సైనిక జైలు గ్వాంటనామోలో ఖురాన్ ముట్టుకునే పద్ధతి 2003 జనవరిలోనే రాసిచ్చారు: ఖైదీకి కనబడేలా శుభ్రమైన గ్లవ్స్ తొడుక్కోవాలి, రెండు చేతులతో పట్టుకోవాలి, నేల మీద, కాళ్ల దగ్గర పెట్టకూడదు. అయినా అపచారాలు జరిగాయని సైన్యం విచారణే తేల్చింది. 2012 ఫిబ్రవరిలో అఫ్ఘానిస్తాన్‌లోని అమెరికా స్థావరం బగ్రాంలో ఖైదీలు రాతలు పంపుకుంటున్నారని గ్రంథాలయం పుస్తకాలు తీసేసి, ఖురాన్‌లతో సహా కాల్చే చోటుకి పంపారు. అక్కడి అఫ్ఘాన్ పనివాళ్లు చూసి ఆపారు. ఆ తర్వాత అల్లర్లలో ఎంతోమంది పోయారు. మంటలో వేసే ముందు ఆ భాష, ఆ మతం తెలిసిన ఒక్కడి మాట వింటే సరిపోయేది.

మూడోకన్ను: శవాల సంగతో? మొదటి జెనీవా ఒప్పందం 17వ అధికరణం: ఆరోగ్య కారణమో, చనిపోయినవాడి మతమో ఉంటే తప్ప దహనం చేయకూడదు. 2005లో కాందహార్ ప్రాంతంలో అమెరికన్ సైనికులు తాలిబాన్ శవాలు కాల్చారు. ఆరోగ్యం కోసమే అన్నారు, కానీ అదే విషయం లౌడ్‌స్పీకర్‌లో హేళనగా వినిపించారు. 1999 కార్గిల్‌లో మన సైన్యం పాక్ సైనికులని ఇస్లాం పద్ధతిలోనే ఖననం చేసింది. ఎర్రమట్టి గారూ, అక్కడ ఎవరి ప్రాణం పణం పెట్టారు?

ఎర్రమట్టి: శవాలకి, పుస్తకాలకి ఒప్పుకుంటా. అక్కడ మనకి పోయేదేం లేదు. మినార్‌కి ఒప్పుకోను.

నిక్కచ్చి: సరే. అయితే మినార్ మీద గుండు వేసే నిర్ణయం ప్లటూన్ (కిందిస్థాయి చిన్న దళం) చేతిలో వద్దు. బెటాలియన్ కమాండర్ పేరు మీద, కారణంతో సహా నమోదు కావాలి. దీనికైనా ఒప్పుకుంటారా?

ఎర్రమట్టి: రేడియో అందితే.